పెద్దమ్మ కొలతల భాష

పోయే ముందురోజు కూడా మా పెద్దమ్మ మధ్యాహ్నం నడుం వాల్చకుండా, మేడమీద అద్దెకుండే పరాయి రాష్ట్రం నర్సు కోసం కుర్చీ తుడిచి పెట్టుకుంది. వాళ్ల ఒప్పందం అరగంట తెలుగు, అరగంట ఆ అమ్మాయి భాష. పెద్దమ్మ కోడలిదీ అదే భాష. మనవరాలికి అది తప్ప మరోటి రాదు. ఆ పిల్లతో ఫోన్లో నాలుగు ముక్కలు మాట్లాడాలని ఈవిడ ఆరాటం. కానీ బట్టలు కుట్టే చేతులాయె, ఊరికే ఉండవు. తన వంతు రాగానే మెడలోని టేపు తీసి, నర్సును నిలబెట్టి, భుజం, నడుం చూపించి ఏమంటారని అడిగేది. "కూర్చుని కబుర్లు చెప్పండి ఆంటీ, అప్పుడే భాష వస్తుంది" అని నర్సు మొత్తుకునేది. "ఊరికే కూర్చుంటే నాకు తెలుగే రాదే తల్లీ!" అని ఈవిడ కసిరేది. నర్సు తెలుగులో వేళాకోళాలాడేదాకా వచ్చింది. పెద్దమ్మ కొలతల దగ్గరే ఆగిపోయింది.

ఆదివారం ఫోన్లో మనవరాలిని ఏం చేస్తున్నావని అడగబోయి, మాట తట్టక, కొలతలప్పుడు ఆ భాషలో నేర్చుకున్నదే నోటికి వచ్చి అనేసేది: చేతులెత్తు, వెనక్కి తిరుగు. అవతల చప్పుడుండేది కాదు. "నా మొహం! పిచ్చిదాన్ననుకుంటోంది" అని విసుక్కుని ఫోను పెట్టేసేది. ప్రతివారం ఇదే తంతు.

ఆవిడ పోయాక కోడలు చెప్పింది. పిల్ల ఫోను బల్లమీద పెట్టి, రెండు చేతులూ పైకెత్తి, బుద్ధిగా వెనక్కి తిరిగి నిలబడేదట. మళ్లీ ఫోను అందుకునేసరికి ఇవతల ఎవరూ ఉండేవారు కాదట.