యాదమ్మక్క బండిలోంచి తీసిన పంపు

1998 వానాకాలం. కొండాపూర్ నుంచి మాదాపూర్ వెళ్లే దారిలో రేకుల షెడ్డు వేసుకుని కార్లు బాగుచేసేవాణ్ణి. అవతల గుండ్రటి పెద్ద ఆఫీసు భవనం లేస్తోంది. దాని చుట్టూ ఇంకా బండరాళ్లూ పొదలే. మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. షెడ్డు పెట్టకముందు ఒక విదేశీ కార్ల కంపెనీ సర్వీస్ సెంటర్‌లో సీనియర్ మెకానిక్‌ని. కంపెనీ పేరు అడగకండి. మన దేశానికి ఆర్భాటంగా వచ్చి, నాలుగు రోజులు మెరిసి, ఫ్యాక్టరీ మూసేసి మూటాముల్లె సర్దుకుని పోయింది. షోరూమ్‌కు తాళం పడింది. కార్లు మాత్రం కొన్నవాళ్ల ఇళ్ల ముందు మిగిలాయి.

కంపెనీ పోయాక ఆ కారు ఉన్నవాడి కష్టం పగవాడికి కూడా వద్దు. కొత్త స్పేర్లు రావు. వేరే మెకానిక్‌లు బానెట్ ఎత్తి చూసి, 'ఇది మాకు తెలీదు' అని దించేస్తారు. ఈ చుట్టుపక్కల ఆ ఇంజన్ లోపల చెయ్యి పెట్టగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. అబ్బో, నాకెంత పొగరో అప్పుడు! నేను బతుకుతుందంటే బతికే బండ్లు, పోయిందంటే పోయే బండ్లు.

అలాంటి కార్లను నడపడానికి మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఇక లేవదనుకున్న బండిని పక్కన పెట్టి, దాని సామాన్లు తీసి మిగతావాటికి వేస్తాం. దాన్ని డోనర్ బండి అంటాం, అంటే దానమిచ్చే బండి. దానమంటే ఇచ్చేవాడు ఒప్పుకోవాలి కదా. ఓనర్‌ను అడక్కుండా బోల్టు కూడా విప్పకూడదని నాకు పని నేర్పినాయన మొట్టమొదటే చెప్పాడు.

యాదమ్మక్కది కొండాపూరే. పొలం కొంత అమ్మినప్పుడు ఆమె భర్త సత్తయ్య ముచ్చటపడి ఆ డీజిల్ కారు కొన్నాడు. ఏడాది తిరక్కుండా ఆయనకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. వారానికి మూడుసార్లు అమీర్‌పేట దవాఖానకు తీసుకెళ్లి ఫిజియోథెరపీ చేయించాలి. ఆయన కుడి కాలు మడతపడేది కాదు, ఆటోలో పట్టేది కాదు. కారు ముందు సీటు వెనక్కి జరిపితే హాయిగా కూర్చునేవాడు. నడిపేవాళ్లు లేరు. నలభై దాటిన యాదమ్మక్క కొంగు బొడ్లో దోపి, 'నాకు నేర్పు తమ్మీ' అంటూ మా సర్వీస్ సెంటర్‌కే వచ్చింది. అక్కడి ఖాళీ జాగాలో క్లచ్ తొక్కడం నుంచీ నేనే నేర్పాను. నేర్చుకుంది మహాతల్లి, లారీలను కూడా దాటించేది.

ఆ వానాకాలంలో ఒక రోజు ఆమె కారు స్టార్ట్ కాలేదు. ట్రాక్టర్‌కు కట్టి లాక్కొచ్చారు. అరగంటలో లోపం పట్టేశాను. ఇంజన్‌కు డీజిల్ పంపేది ఇంజెక్షన్ పంప్. దాని మీద బొటనవేలంత సొలెనాయిడ్ ఉంటుంది. తాళం తిప్పగానే డీజిల్‌కు దారి తెరిచేది అదే. అది కాలిపోయింది, అంతే. పంపు మాత్రం రాయిలా గట్టిగా ఉంది. కొత్త సొలెనాయిడ్ దొరక్కపోయినా ఫికర్ లేదు. డీజిల్‌ను ఆపే లోపలి పుల్ల తీసేస్తే బండి నడుస్తుంది. కాకపోతే తాళం తీసినా ఇంజన్ ఆగదు, గేరులో ఉంచి క్లచ్ వదిలి ఆపాలి. డ్రైవింగే నేర్పినవాణ్ణి, ఈ ముక్క నేర్పలేనా?

సరిగ్గా ఆ వారమే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ డైరెక్టర్ కారు షెడ్డుకొచ్చింది. అదే మోడల్. దాని పంపు నిజంగానే అరిగి పోయింది. ఆయన గోదావరి వైపు మనిషి, మర్యాదస్థుడు. "ఎలాగోలా చూడండి ఓబులేసు గారూ. ఇది నడిస్తే మా ఆఫీసు బండ్లన్నీ మీకే అప్పజెప్పేస్తానండి" అన్నాడు. అంతవరకూ నన్ను గారూ అన్నవాడు లేడు. ఆ పెద్ద భవనం పక్కన నా పేరుతో బోర్డు వెలిగినట్టే కలలు కన్నాను.

మర్నాడు యాదమ్మక్క వచ్చింది. ఆమె మొహం చూడకుండా చేతులు తుడుచుకుంటూ, "పంపు పోయిందక్కా. కంపెనీనే పోయినాక పంపు యాడ్నుంచి వస్తాది?" అన్నాను.

ఆమె ఎప్పటికైనా దొరుకుతుందేమో, దాని నంబర్ రాసివ్వమంది. వదిలించుకోవడానికి పాత బిల్లు వెనక అసలు నంబరే రాసిచ్చాను. ఇంగ్లిష్ అక్షరం రాని మనిషి, దేశంలో లేని వస్తువును ఎక్కడ వెతుకుతుందిలే అనుకున్నాను. ఆమె ఆటో ఎక్కగానే పంపు విప్పి డైరెక్టర్ కారుకు బిగించాను. ఈ కారు పదిమంది పని మీద రోజూ తిరగాలి, ఆమె వెళ్లేది వారానికి మూడుసార్లేగా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కంచే చేను మేయడమంటే ఇదే.

ఒక బోల్టు విప్పినవాడికి రెండోది విప్పడం కష్టం కాదు. ఆల్టర్నేటర్ ఒక బండికి పోయింది, రేడియేటర్ ఇంకోదానికి. చివరికి గేర్ రాడ్లు కూడా లేచిపోయాయి. తీసిన ప్రతిసారీ బానెట్ మూసి, పైన పట్టా కప్పేవాణ్ణి. ఆమె మాత్రం పది రోజులకోసారి వచ్చి దుమ్ము తుడిచి, అద్దాలు కడిగి పోయేది. బానెట్ ఎత్తమని ఎన్నడూ అడగలేదు. ఆటోవాళ్లు రామంటున్నారనీ, వచ్చినా ఆయన కాలు పట్టక ఏడుస్తున్నాడనీ, దవాఖానకు వారానికి ఒకసారి పోవడమే గగనమైందనీ చెప్పేది. నేను వేరే బండి కిందికి దూరి అక్కడి నుంచే ఊ కొట్టేవాణ్ణి. ఆ రోజుల్లో నేను అవసరం లేకపోయినా ఎన్ని బండ్ల కిందికి దూరానో.

ఎనిమిది నెలలు గడిచాయి. ఒక ఉదయం ఆమె తన తమ్ముడితో వచ్చింది. చేతిలో పాత చీరతో చుట్టిన మూట. బల్ల మీద పెట్టి విప్పింది. లోపల ఇంజెక్షన్ పంప్. పక్కనే నేను రాసిచ్చిన కాగితం, మడతల దగ్గర చిరిగి ఉంది. బొంబాయి వెళ్లిందట. పాత సామాన్ల బజారులో మూడు రోజులు కొట్టుకొట్టుకూ ఆ కాగితం చూపించిందట. సత్తయ్యను చెల్లెలికి అప్పగించి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి రైలెక్కిందట.

"నువ్వు రాసిన నంబరేనా కాదా, జర చూడు తమ్మీ" అంది.

అదే. ఒక్క అంకె కూడా తేడా లేదు.

ఆమె తమ్ముడు ఉత్సాహంగా పోయి బానెట్ ఎత్తాడు. ఎత్తినవాడు అలాగే నిలబడిపోయాడు. కార్లు తెలియనివాళ్లకైనా అర్థమవుతుంది, అందులో సగం ఖాళీ. నేల కనిపిస్తోంది. అతను నా కాలర్ పట్టుకోబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. నా దగ్గరకొచ్చి, నేను తప్పించుకోవడానికి వీల్లేకుండా ఎదురుగా నిలబడింది.

"బండి సంగతి ఇడిసిపెట్టు. ఆ దినం ఏం ఖరాబైంది? నిజం చెప్పు."

చెప్పాను. బొటనవేలు చూపించి, ఇంత ముక్క అన్నాను. ఎంతసేపు పట్టేదని అడిగింది. మధ్యాహ్నానికల్లా నడుపుకుంటూ పోయేదానివక్కా అన్నాను.

ఆమె తన కుడి చెయ్యి మెల్లగా ఎత్తి రొమ్ము దాకా తెచ్చి ఆపింది.

"అప్పుడు ఆయన చెయ్యి ఇంత దాక లేస్తుండె తమ్మీ. బువ్వ నోట్ల పెట్టుకునేటందుకు ఇంక జానెడే ఉండె." ఆ చేతిని కిందికి వదిలేసింది. "ఇప్పుడు ఇట్లనే ఉంటది."

కాళ్లు పట్టుకుందామని వంగాను. వెనక్కి జరిగింది. ముట్టుకోనివ్వలేదు.

నెల రోజులు వేరే పని ముట్టలేదు. ఎవరెవరికి వేశానో వాళ్లందరి దగ్గరికీ పోయి, బతిమాలి, తిట్లు తిని, సామాన్లు వెనక్కి తెచ్చాను. కొన్ని చెన్నై నుంచి తెప్పించాను. ఆమె తెచ్చిన పంపే బిగించాను. బండి మొదటి తాళానికే అందుకుంది. తీసుకుపోవడానికి తమ్ముడు వచ్చాడు, ఆమె రాలేదు. తర్వాత ఎప్పుడూ రాలేదు. డాక్టర్లు వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీ మళ్లీ మొదలుపెట్టారు కానీ, మొదటి ఏడాదిలో రావాల్సింది తర్వాత రాదన్నారట. సత్తయ్యకు ఆమే అన్నం తినిపిస్తోందని తర్వాతెప్పుడో కనిపించినప్పుడు ఆ తమ్ముడు చెప్పాడు. నన్ను నొప్పించడానికి కాదు, నేను అడిగితే చెప్పాడు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. కంపెనీ పోయాక ఓనర్‌కు వారంటీ ఉండదు, షోరూమ్ ఉండదు, నిజమో అబద్ధమో కనుక్కునే దారి ఉండదు. మెకానిక్ మాట ఒక్కటే మిగులుతుంది. ఎవరూ పట్టుకోలేని చోట ఉన్నవాడికే నిజాయితీ ఎక్కువ కావాలి. ఆనాటి నుంచి ఓనర్‌ను పక్కన నిలబెట్టుకోనిదే బానెట్ ఎత్తను. తీసిన ముక్క ఏదైనా వాళ్ల చేతిలో పెట్టి, ఏం పోయిందో, ఏం పోలేదో చూపిస్తాను. అది చూసి జనం ఓబులేసు అంత నిజాయితీపరుడు ఈ రోడ్డులో లేడంటారు. ఒకరికొకరు చెప్పుకుని మరీ వస్తారు. వాళ్లలా అంటున్నప్పుడు తలెత్తలేక, ఇంజన్లోకి వంగి పని చూసుకుంటాను.