కాపలా లేని దారి

సమ్మమ్మ భర్త గట్టయ్య టిప్పర్ డ్రైవర్. యుద్ధాలతో చితికిపోయిన అఫ్గానిస్తాన్‌లో మన ప్రభుత్వం సాయంగా వేయిస్తున్న రోడ్డు పనికి, కాంట్రాక్టు కంపెనీ మేనేజర్ రాంప్రసాద్ అతన్ని వరంగల్ నుంచి తీసుకుపోయాడు.

"ఈ రోడ్డు పడితే ఈడి ఆడోళ్లు కాన్పుకు దవాఖానకు పోతరే," అని గట్టయ్య ఫోన్‌లో సంబరపడేవాడు.

ఒక ఉదయం అతని బండి మీద కాల్పులు జరిగాయి. శవంతో పాటు ఊరికి వచ్చిన రాంప్రసాద్ అందరి ముందు అన్నాడు: "చెప్పకుండ తాగుడుకు పోయిండు. మేమేం చేస్తం?"

కల్లు కూడా ముట్టని మనిషి గట్టయ్య. సమ్మమ్మ ఏడుపు అక్కడే ఆగిపోయింది. ఆ మాట అన్న నోటిని ఆమె మరిచిపోలేదు.

నిజం డోర్నకల్ కుమారస్వామి చెప్పాడు. అదే బండిలో ఉండి, ఒక కాలు పోగొట్టుకుని తిరిగొచ్చినవాడు. ఆ రోజు సైనికుల కాపలా రాలేదు. పని ఆగకూడదని రాంప్రసాదే బండి తీయించాడు.

"ఎవలకు చెప్పకు వదినా, భయమైతాంది."

"నేను చెప్ప. దినమొచ్చినప్పుడు నువ్వే చెప్తవు."

వరంగల్‌లోని సుబేదారిలో హాస్టల్ వంట చేసుకుంటూ ఏళ్ల తరబడి ఆమె ఆ దినం కోసమే కాచుకుంది. చివరికి కబురు తెలిసింది. కొట్లాటలు ఆగని మరో దేశంలో మన సర్కారు సాయంతో ఆసుపత్రి కడుతున్నారట, మేస్త్రీల కోసం రాంప్రసాద్ సుబేదారికే వస్తున్నాడట. వెంటనే రైలెక్కి పోయి కుమారస్వామిని వెంటబెట్టుకొచ్చింది.

ఫంక్షన్ హాలు నిండుగా ఉంది. "మిలిటరీ కాపలా ఉంటది, జర కూడ ఫికర్ వద్దు," అంటున్నాడు రాంప్రసాద్.

సమ్మమ్మ లేచింది. "గట్టయ్య పెండ్లాన్ని. యాదికున్ననా సారూ?"

"అమ్మా, ఆయన తాగి..."

"తాగలె!" కర్ర ఊతంతో కుమారస్వామి నిలబడ్డాడు. "కాపలా లేదన్నా పొమ్మన్నది నువ్వే. బండ్లె నేనున్న."

మేస్త్రీలు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. రాంప్రసాద్ ములుగుకు మకాం మార్చాడు. ఆ సంగతి తెలిసి, అతని కంటే ముందే జీపెక్కి ఆమె కుమారస్వామితో అక్కడికి చేరింది. అక్కడా పనికి ఒక్కడూ ముందుకు రాలేదు.

కంపెనీ అతన్ని తీసేసింది. అతను ఆమె గడపలోకొచ్చి చేతులు జోడించాడు. "తప్పైంది అక్కా. నా బతుకు పోతాంది, మాఫ్ చెయ్యి."

"దవాఖాన కట్టుండ్రి, మంచిదే. గని నా మొగణ్ని తాగుబోతన్న జాగలనే, గా ఊరోళ్ల ముందటనే, తాగలేదని చెప్పు."

అతను చెప్పాడు. ఆ ఊరివాళ్ల ముందే, తల ఎత్తకుండా చెప్పాడు. తన కడుపు చల్లబడుతుందనుకుంది సమ్మమ్మ. చల్లబడలేదు. ఊరివాళ్లందరూ విన్నారు కదా, వాళ్లలో నలుగురిని సాక్షులుగా పిలుచుకుని, కాపలా లేకుండా బండి తీయించినందుకు కేసు పెట్టడానికి కుమారస్వామితో కలిసి పోలీస్ స్టేషన్ దారి పట్టింది.

వెనక నుంచి రాంప్రసాద్ పరుగెత్తుకొచ్చాడు. "మాఫ్ చేసినవనుకున్న గద అక్కా!"

"ఎవలన్నరు?" అంది సమ్మమ్మ నడక ఆపకుండానే.