గట్టు మీద చదివిన రిపోర్టు

కొల్లేటి చేపల చెరువు దగ్గర ఐసు ప్యాకింగ్ చేసే సువార్తమ్మ రక్తపరీక్ష ఫలితం ఆమెకన్నా ముందు ఆమెతో పనిచేసేవాళ్లందరికీ తెలిసింది. ఫోనులో వచ్చింది, పైకి చదివారు, అందరూ విన్నారు. ఆమె పని పోయింది. తప్పు మాదని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

ఇది జరిగి రెండేళ్లు కావస్తోంది. నేను ఏలూరులో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో పనిచేస్తాను. కాలేజీ మెట్లెక్కినవాణ్ణి కాను. గాజు గొట్టాలు కడిగే పనిలో చేరి, మందు సీసాల మీది ఇంగ్లీషు కూడబలుక్కుని, మైక్రోస్కోపు చూడటం నేర్చుకున్నాను. ఆ రోజుల్లో మా పెద్ద డాక్టరు గారి కట్టడి ఒకటుండేది. రిపోర్టు కవరులో పెట్టి అంటించాలి, రోగి చేతికే ఇవ్వాలి. ఒకసారి ఊళ్లో పేరున్న మనిషి వచ్చి భార్య రిపోర్టు ఇమ్మన్నాడు. "ఆవిణ్ణి పంపండి, ఇస్తాం" అన్నారాయన. అలిగి వెళ్లిపోయాడు. మర్నాడు ఆవిణ్ణే పంపాడు.

ఇప్పుడు కవరు లేదు, యాప్ ఉంది. మెషీన్‌లో ఫలితం రాగానే, రోగి పేరు పక్కనున్న ఫోను నంబరుకు దానంతటదే వెళ్లిపోతుంది. ఆ ఫోను ఎవరి చేతిలో ఉందో యాప్‌కు అక్కర్లేదు.

సువార్తమ్మకు గర్భసంచి ఆపరేషన్ చెయ్యాలన్నారు. అంతకుముందు అందరికీ చేసే పరీక్షల్లో హెచ్‌బీఎస్‌ఏజీ ఒకటి. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-బి వైరస్ ఒంట్లో ఉందో లేదో అది చెబుతుంది. మా ల్యాబ్‌లో చేస్తే ఆమెకు ఉందని తేలింది. పక్కన కూర్చుంటే, కలిసి తింటే, ఆమె ముట్టిన చేప వండుకుంటే అంటుకునే జబ్బు కాదది. ఇదంతా డాక్టరు తలుపు వేసుకుని, కూర్చోబెట్టి చెప్పాల్సిన మాట.

చిక్కంతా నంబరు దగ్గర వచ్చింది. వాళ్ల లంక ఊళ్లో చెరువు గుమస్తా సత్యం గారి ఫోనే అందరి ఫోను. గ్యాసుకైనా, పింఛనుకైనా, హెల్త్ క్యాంపుకైనా అందరూ ఆయన నంబరే చెబుతారు. పొద్దున్నే పని మొదలయ్యేముందు ఆయన గట్టు మీద నిలబడి, వచ్చిన మెసేజీలన్నీ పేరు పెట్టి పిలిచి చదివి వినిపిస్తారు. చదువురానివాళ్లకు అది ఉపకారమే. ఆ వరసలోనే, సువార్తమ్మ ఇంకా పనికి రాకముందే, ఇదీ చదివేశారు.

ఫోను చేసి అడిగాను.

"ఎందుకు చదివారండీ?"

"పింఛను మెసేజనుకున్నానండి. సగం చదివాక తెలిసిందండి."

"సగంలో ఆపొచ్చు కదా."

"ఆపితే ఇంకేదో పెద్ద జబ్బనుకుంటారు కదండీ మేస్టారూ. అందుకని మొత్తం చదివేశానండి."

ఈ మనిషి మీద కోపం తెచ్చుకుందామన్నా కుదరలేదు.

ఆమె ముట్టిన ఐసులో మేం చెయ్యి పెట్టబోమని మిగతా ఆడవాళ్లన్నారు. "కొన్నాళ్లు ఇంటిదగ్గరుండమ్మా" అన్నాడు యజమాని. ఆపరేషన్ బాగానే జరిగింది కానీ, ఆమె ఆ ఊళ్లో ఉండలేక తాడేపల్లిగూడెంలో చెల్లెలి దగ్గరకు చేరి ఉల్లిపాయలు ఏరే పనికి వెళుతోంది. ఈ జబ్బుకు అప్పుడప్పుడూ రక్తం చూపించుకుంటూ ఉండాలి. అశ్రద్ధ చేస్తే కాలేయం లోలోపల చెడిపోయినా పైకి తెలియదు. నేను కబురుపెడితే ల్యాబ్‌కు వచ్చింది కానీ, రక్తం తియ్యడానికి చెయ్యి చాపలేదు.

"మళ్లీ సూది గుచ్చుతారు, మళ్లీ గట్టు మీద చదువుతారు. నాకొద్దండి బాబుగారూ."

"నీ సొంత ఫోను కొనుక్కున్నావుగా. ఆ నంబరే పెట్టిస్తానమ్మా."

"ఎక్కిందని మీ నోటితో చెప్పండి, ఆ రోజే వస్తాను. అప్పటిదాకా ఆ సూది మీ దగ్గరే ఉంచండి."

నంబరు మార్చడం ఎంతసేపనుకున్నాను. మా కంప్యూటర్‌లో కొత్త నంబరు కొడితే, ఈవిడ ఇదివరకే నమోదై ఉన్నారంటూ పాత నంబరే చూపిస్తుంది. యాప్ కంపెనీకి ఫోను చేస్తే ఒకమ్మాయి పలికింది.

"పాత నంబరుకు ఓటీపీ వస్తుంది సర్. అది చెబితే మారుస్తాం."

ఓటీపీ అంటే కాసేపే చెల్లే రహస్య సంఖ్య.

"ఆ పాత నంబరు ఆవిడది కాదమ్మా. అదే కదా మా గొడవ."

"అర్థమైంది సర్. పాత నంబరుకు పంపమంటారా?"

పంపమన్నాను. ఏం చేస్తాను? ఎన్నిసార్లు పంపినా, సత్యం గారికి సిగ్నల్ దొరికేసరికి దానికి కాలం చెల్లిపోయేది. పైగా ఆ రహస్య సంఖ్యను గట్టంతా వినేలా అరిచి చెప్పేవారు. వేరే ల్యాబ్‌కు పంపుదామంటే అక్కడా ఇదే యాప్. యాప్ పక్కన పెట్టి కాగితం మీద రాసిస్తానంటే మా ల్యాబ్ యజమాని నవ్వాడు.

"ఏవండీ, ఒక్కావిడ కోసం కాలాన్ని వెనక్కి తిప్పుతారా?"

తిప్పమనలేదు. ఒక మనిషి ఒంటి సంగతి ఆ మనిషి చేతికే ఇవ్వమన్నాను. ఇన్నేళ్ల పనిలో నాకు బాగా తెలిసినదదే. ఫలితం సరిగ్గా రావడం సగం పని, సరైన చేతికి చేరడం మిగతా సగం. రెండోది చేతకానప్పుడు మొదటిది చేసినా ఏం ప్రయోజనం?

కంపెనీకి తెలుగులో రాశాను, ఇంగ్లీషులో రాశాను. ఆమె పేరు, ఊరు, జరిగిన అన్యాయం, ఆమె కొత్త నంబరు అన్నీ రాశాను. నెలలు గడిచాయి. గూడెం నుంచి సువార్తమ్మ ఫోను చేస్తూనే ఉంది, "ఎక్కిందాండీ?" అని. మళ్లీ మళ్లీ రాశాను. చివరికి మొన్న జవాబొచ్చింది.

"సువార్తమ్మ గారి ఆరోగ్య సమాచార గోప్యతపై మీరు చేసిన ఫిర్యాదు పరిష్కరించబడినది. హెపటైటిస్-బి రిపోర్టుతో సహా పూర్తి వివరములు ఆమె పేరున నమోదై ఉన్న పాత ఫోను నంబరుకు పంపబడినవి."