మూడో రోజుకి తగ్గే దగ్గు

నల్లమల అడవిలో, నూటయాభై గజాల దూరం నుంచి, ఒకే ఒక్క తూటాతో కొమ్ముల దుప్పిని నేలకూల్చినవాణ్ణి నేను. ఈ మాట స్టాఫ్ రూముల్లో చెప్పాను, పెళ్ళి భోజనాల దగ్గర చెప్పాను, ఒంగోలు బస్టాండులో బస్సు రాక విసుగ్గా కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషికి కూడా చెప్పాను. చెప్పిన ప్రతిసారీ దుప్పి కొమ్ములకి కొత్తగా ఒక కొన మొలిచేది. తీరా రాయడానికి కూర్చుంటే చెయ్యి సాగడం లేదు. నోటితో అనేసిన మాట ఎటో పోతుంది. కాగితం మీద పెడితే అక్కడే కూర్చుని నన్ను చూస్తుంది. అందుకని ముందు గజాల సంగతి తేల్చేస్తాను. నూటయాభై కాదు, నలభై ఉంటాయేమో. మిగతా కోతలు ఒక్కొక్కటే తగ్గించుకుంటూ వస్తాను.

ఎనభైల మొదట్లో సంగతి. ఆ వేట ఆలోచన నాది కాదు, మా బావది. మా ఆవిడకి స్వయానా అన్న. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. చిలకలూరిపేటలో పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు పని ఆయనది. నేను మా ఊరి ఎలిమెంటరీ స్కూల్లో మాస్టర్ని. ఒక ఎకరం మిరప కూడా వేసేవాళ్ళం. ఆదివారం పూట చర్చిలో ఇద్దరం ఒకే వరసలో, గుమ్మానికి దగ్గరగా కూర్చునేవాళ్ళం, మధ్యలో ఆయన దగ్గుకుంటూ బయటికి వెళ్ళడానికి వీలుగా.

చిన్నతనంలో బావ వాళ్ళ నాన్నతో కలిసి ఆసాముల వేటలకి వెళ్ళేవాడు. వెళ్ళేవాడంటే, కర్రలతో పొదలు బాది, కేకలు పెట్టి, పందుల్నీ కుందేళ్ళనీ తుపాకులున్నవాళ్ళ వైపు తరమడానికి. ఎన్ని వేటలు తిరిగినా తుపాకి మోత వినడమే తప్ప, అవతలి వైపు ఏం జరిగిందో ఆయన చూసింది లేదు. పొదల్లోంచి బయటపడేసరికి అంతా అయిపోయి ఉండేది. ఆ చచ్చిన జంతువుని కావడికి కట్టి మోయడం మాత్రం వీళ్ళ వంతు.

దుప్పే ఎందుకు బావా అని ఒకసారి అడిగాను. మిల్లు ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాం. ఆయన కనురెప్పల మీద దూది నుసి అలాగే ఉంది.

"పందిని తరిమాను, కుందేల్ని తరిమాను. దుప్పిని తరమక్కర్లేదంటరా, కదలకుండా కూర్చుంటే అదే నీళ్ళకి వస్తదంట. నేనెప్పుడూ కూర్చోలేదు బావా. ఒక్కసారి తుపాకి వెనక కూర్చుని చూడాల."

ఆయన కోరిక అంతే. దానికి అడ్డం వచ్చింది దూరమూ కాదు, ఖర్చూ కాదు. దగ్గు.

మిల్లు పనివాళ్ళకి వచ్చే ఆ దగ్గుకి ఒక పద్ధతి ఉంది. శనివారం సాయంత్రానికి కాస్త నెమ్మదిస్తుంది. ఆదివారం అడపాదడపా దగ్గినా మనిషి తేలిగ్గానే ఉంటాడు, పాట కూడా పాడతాడు. సోమవారం పొద్దున మిల్లు గేటు దాటి గంట గడిచిందో లేదో, గుండెల మీద ఎవరో మోకాలు పెట్టి అదిమినట్టు పట్టేస్తుంది. మిగతా రోజులు దాన్ని ఈడ్చుకుంటూ పోవాలి. ఎన్నేళ్ళు పనిచేస్తే అంత ముదురుతుంది. బావకి అప్పటికి పద్దెనిమిదేళ్ళ సర్వీసు. దుప్పి చెవుల సంగతి అడవి గురించి ఏమీ తెలియని నాకే తెలుసు. ఆకు చప్పుడుకే ఆగిపోయే జంతువు ముందు ఆ దగ్గుతో ఎలా కూర్చోవడం?

అందుకని మామూలు వేటగాళ్ళు వెన్నెల చూసుకుంటారు, గాలి చూసుకుంటారు, మేము బావ దగ్గు చూసుకుని ముహూర్తం పెట్టాం. మిల్లుకి దూరంగా ఉంటే మూడో రోజుకి బాగా తగ్గుతుందని ఆయన లెక్క. శనివారం డ్యూటీ దిగి బయల్దేరాలి. ఆది, సోమ, మంగళ ఊరికే ఉండాలి. బుధవారం కూర్చోవాలి. ఫిబ్రవరి చివరికి పత్తి రాక తగ్గిపోతుంది కాబట్టి మిల్లులో సెలవు అడిగితే ఇస్తారు. అడవిలో కూడా అప్పటికి ఆకు రాలి, వాగులెండి, నీళ్ళు ఒకటి రెండు మడుగుల్లోనే మిగులుతాయి. వేటకాలం చివర్లో ఇలా అన్నీ కలిసొచ్చాయని బావ ముందే సంబరపడిపోయాడు.

దుప్పిని చంపడం అప్పటికే నేరం. ఆ సంగతి మాకు తెలుసు. నేను పిల్లలకి చెప్పే పాఠంలోనే ఉంది. తెలిసే వెళ్ళాం.

తుపాకి ఒక ముసలి ఆసామిది. చేలో పందులు పడకుండా లైసెన్సు తీసుకున్నాడు. బావ వాళ్ళ నాన్న ఆయన దగ్గర ముప్పై ఏళ్ళు పాలేరుగా చేశాడు. బావ వెళ్ళి అడిగాడు. ఆసామి లోపలికి వెళ్ళి తుపాకీ, రెండు తూటాలూ తెచ్చి అరుగు మీద పెట్టి, పందుల కోసమేగా అన్నాడట. పందుల కోసమేనండీ అన్నాడట బావ. ఆ ఏడు మా వైపు పందుల బెడద లేదని ఇద్దరికీ తెలుసు.

ఆ ఫిబ్రవరి నెలంతా మేము చేసిన తయారీ గురించి ఎంతైనా చెప్పగలను. మొదటిది కాళ్ళు. మాది నల్లరేగడి. వానకి కాళ్ళకి చుట్టుకుంటుంది, ఎండకి నోళ్ళు తెరుస్తుంది గానీ, వెతికినా ఒక రాయి దొరకదు. కొండ రాళ్ళ మీద నడక ఎక్కడ నేర్చుకోవాలి? హైవే పక్కన రోడ్డు పనికి పోసిన కంకర కుప్పలున్నాయి. స్కూలుకి ముందు, మిల్లుకి ముందు, తెల్లవారగానే మేమిద్దరం టైరు చెప్పులు వేసుకుని ఆ కుప్పలు ఎక్కి దిగేవాళ్ళం. చీమకుర్తి నుంచి రాళ్ళు మోసుకెళ్ళే లారీ డ్రైవర్లు వేగం తగ్గించి మరీ చూసేవాళ్ళు. ఒకతను తల బయటికి పెట్టి, ఏదైనా మొక్కా అన్నా అని అడిగాడు. మొక్కే అన్నాను.

రెండోది దగ్గు ఆపడం. దీనికి చర్చిని మించిన చోటు లేదు. మా పాస్టరుగారి ప్రార్థన ఎక్కువసేపు సాగేది. ఆయన కళ్ళు మూసుకోగానే నేను కళ్ళు తెరిచి వాచీ చూసేవాణ్ణి. బావ కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుని, దవడలు బిగించి, మెడ నరాలు ఉబ్బేలా కూర్చునేవాడు. మొదటి ఆదివారం నాలుగు నిమిషాలు. రెండో ఆదివారం తొమ్మిది. మూడో ఆదివారం ప్రార్థన అయిపోయింది కానీ బావ ఊపిరి విడవలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఇంత భక్తి ఎప్పుడు వచ్చిందని పాస్టరుగారు ఆయన భుజం తట్టి వెళ్ళారు. నేను నవ్వు ఆపుకోలేక బయటికి పరుగెత్తాను. ఆ రోజు బయటికి వెళ్ళింది నేను, ఆయన కాదు.

మూడోది గురి. ఉన్నవి రెండే తూటాలు, వృథా చేయడానికి మనసొప్పలేదు. ఖాళీ తుపాకితో మా మిరప చేలో దిష్టిబొమ్మకి ఎదురుగా గంటలు గంటలు కూర్చునేవాడు. తుపాకి పేల్చడం ఆయనకి తెలియదు, నాకూ తెలియదు. కానీ ఆయన కూర్చోవడం మాత్రం నేర్చుకున్నాడు. ఎర్రటి కాయల మధ్య, చెంప తుపాకి మడమకి ఆనించి, కదలకుండా. ఇప్పటికీ ఎక్కడైనా పండిన మిరప చేను చూస్తే నాకు ముందు కనబడేది ఆయన వీపే.

మా ఆవిడకి ఇదేమీ ఇష్టం లేదు. అన్న ఛాతీ సంగతి ఆమెకే బాగా తెలుసు. వద్దని నాతో అంది, ఆయనతో అనలేకపోయింది. నెల రోజులుగా అన్న మొహంలో ఒక వెలుగు కనబడుతోంది మరి. చివరికి పులిహోర, గోంగూర పచ్చడి, మిరియాలు కలిపిన తాటిబెల్లం కట్టి ఇచ్చి, ఆయన్ని కొండలెక్కించకండి అని మాత్రం నాకు చెప్పింది.

తుపాకిని చాపలో చుట్టి, నరసరావుపేటలో మీటరు గేజి బండి ఎక్కాం. మార్కాపురం దగ్గర దిగి, బస్సులో కొంత, నడిచి కొంత, అడవి అంచున ఒక పల్లెకి చేరాం. బావతో మిల్లులో పనిచేసే ఒకతని మామది ఆ ఊరు. మేకలు కాసే పెద్దాయన. మమ్మల్ని చూడగానే ఆయనకి నవ్వొచ్చింది. మేము నేల వంక చూసుకుంటూ నడుస్తున్నాం. మా రేగట్లో ఏ జంతువు నడిచినా అడుగు పడుతుంది, ఆ అలవాటు. అక్కడంతా పలకరాయి. ఆ రాయి ఏ అడుగునీ దాచుకోదు.

"కింద యాడ చూస్తావు మాస్టరూ, దాని పెంటిక చూడు, చెట్టు బెరడు చూడు," అన్నాడు. నా తలనూనె వాసన చూసి, దుప్పి పసిగడతది, కుంకుడుకాయతో కడుక్కొని రా పో అన్నాడు. నా జేబులోని బీడీ కట్ట తీసి తన చెవి పక్కన ఒకటి పెట్టుకుని మిగతావి నడుముకి దోపుకున్నాడు.

ఆదివారం బావ బాగానే దగ్గాడు. సోమవారం పొద్దున, మా దగ్గర మిల్లు కూత వేసే వేళకి, అలవాటుగా మెలకువొచ్చి లేచి కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని దగ్గు కోసం ఎదురుచూశాడు. నేను పక్క మీదినుంచి చూస్తున్నాను. రాలేదు. చాలాసేపటికి నా వైపు తిరిగి, సోమవారమేనా ఇవాళ అని అడిగాడు. సోమవారమే అన్నాను. పద్దెనిమిదేళ్ళ తర్వాత ఆయనకి దొరికిన మొదటి సోమవారం అది.

బుధవారం మధ్యాహ్నం ఎండ తగ్గకముందే పెద్దాయన మమ్మల్ని ఒక మడుగు దగ్గర బండ చాటున కూర్చోబెట్టి, గాలి ఎటు వస్తోందో బూడిద రాల్చి చూసి, తను దూరంగా వెళ్ళిపోయాడు. తెల్ల చొక్కా కనబడకూడదని నేను గోతం కప్పుకున్నాను. తుపాకి బావ చేతిలో ఉంది. ఇక్కడ ఇంకో కోత తగ్గించుకోవాలి: ఆ ప్రయాణం మొత్తం మీద తుపాకి నా చేతిలో ఒక్క క్షణం కూడా లేదు.

మూడు గంటలు కూర్చున్నాం. పొద్దు వాలింది. ముందు రెండు ఆడవి వచ్చాయి. నీళ్ళకి మూతి తాకించి, చెవులు తిప్పి, మళ్ళీ తాకించాయి. వాటి వెనక, చెట్ల నీడలోంచి ఒక కొమ్ముల దుప్పి అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి నిలబడింది. ఒంటి మీద చుక్కలు ఎవరో అప్పుడే దిద్దినట్టున్నాయి. నీళ్ళు తాగకుండా మా బండ వైపే చూస్తోంది. బావ చెంప తుపాకికి ఆనింది. వేలు ట్రిగ్గరు మీదికి వెళ్ళింది. నేను ఆయన మొహమే చూస్తున్నాను. నలభై నాలుగేళ్ళ మనిషి మొహం అలా ఉండగలదని నాకు తెలియదు.

అప్పుడు బావకి దగ్గొచ్చింది.

ఒక్కటే. చాలదూ మరి. ఎండుటాకులు గలగలమన్నాయి, మడుగు ఖాళీ. ఎక్కడో దూరంగా ఒకటి అరిచింది. బావ తుపాకి దించి, తూటా బయటికి తీసి జేబులో వేసుకున్నాడు. ఆయన ఏడుస్తాడనుకున్నాను. ఆయన నవ్వుతున్నాడు.

"చూశాను కదరా. ఇటు వైపు నుంచి చూశాను. చాల్లే," అన్నాడు.

ఊళ్ళో అందరూ అడిగారు. టీ కొట్టు దగ్గర బావే చెప్పుకున్నాడు, నా పాడు దగ్గు చెడగొట్టిందని. నలుగురూ నవ్వారు, ఆయనా నవ్వాడు. సోమవారం మళ్ళీ మిల్లుకి వెళ్ళాడు. తుపాకినీ రెండు తూటాలనూ ఆసామికి తిరిగి ఇచ్చేస్తే, పందులు పడలేదా అని అడిగాడట.

నాలుగేళ్ళ తర్వాత ఆ దగ్గే ఆయన్ని తీసుకుపోయింది. ఆ తర్వాతే నేను కోతలు మొదలుపెట్టాను. దగ్గుతో ముగిసే కథ నాతో చెప్పడం కాలేదు. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఆసుపత్రి మంచమే గుర్తొచ్చేది. అందుకని దుప్పిని నేనే కూల్చేశాను. ఒకసారి కూల్చాక దూరం పెంచడం ఎంత పని.

ఇప్పుడు నాకు ఆ దుప్పి అక్కర్లేదు. ఆ అడవీ అక్కర్లేదు. తెల్లవారి కంకర కుప్ప ఎక్కుతూ ఆయన నా భుజం పట్టుకున్న బరువు కావాలి. పాస్టరుగారి ప్రార్థన ఇంకా సాగుతూ ఉండగా వాచీ చూసి, ఇంకొక్క నిమిషం బావా అని గొణగాలి. వేటకి వెళ్ళకపోయినా సరే, వెళ్ళబోతున్న ఆ ఒక్క నెల చాలు.

ఇంతవరకు రాసి మా ఆవిడకి చదవమని ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, మధ్యలో ఒక చోట నవ్వుకుని, ఒక చోట ఆగి, చివరిదాకా చదివింది. కాగితాలు నా ఒళ్ళో పెట్టింది.

"మా అన్న దగ్గలేదు. తుమ్మింది మీరు. కప్పుకున్నారే గోతం, అది మన కల్లంలో మిరపకాయలు తొక్కిన గోతం. ఊళ్ళో పిల్లకాయలు మాస్టర్ని ఏడిపిస్తారని తప్పు తన మీదేసుకున్నాడు. పోయేముందు నాకు చెప్పాడు. ఆ మూడు గంటలూ మా అన్న ఒక్కసారి కూడా దగ్గలేదు. అది కొట్టేసి ఇది రాయండి."