మడమతో చెప్పాల్సిన జవాబు

ఒర్లీన్ టాగర్ట్ కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు మా ఊళ్ళో ఎవరూ లేరు. చర్చిలో తలుపు దగ్గర నిలబడే పని ఆవిడ అడిగి మరీ తీసుకుంది. తెల్ల గౌను, తెల్ల చేతితొడుగులు వేసుకుని వచ్చినవాళ్ళని బల్లల దగ్గరికి తీసుకెళ్ళడం, ప్రార్థనలో ఒళ్ళు తెలియకుండా ఊగిపోయేవాళ్ళకి విసనకర్రతో విసరడం ఆ పని. పాస్టరుగారి ప్రసంగం గంటన్నర సాగినా ఆవిడ నడుం వాల్చదు. ఇంట్లో బఠాణీలు ఒలిచేటప్పుడు కూడా గిన్నె చంకన పెట్టుకుని వసారాలో అటూ ఇటూ తిరుగుతూనే ఒలుస్తుంది. తప్పనిసరై ఎక్కడైనా కూర్చుంటే కుడికాలి మడమ ఊరుకోదు. నేలని కొడుతూనే ఉంటుంది.

"నీ కాలికి వేరే మనసుందే" అనేది వెల్మా.

వెల్మా, ఒర్లీన్ చేపల ఫ్యాక్టరీలో పక్కపక్కన నిలబడి పద్ధెనిమిదేళ్ళు పనిచేశారు. పత్తి చేలు తవ్వి చెరువులు చేసి చేపలు పెంచడం మొదలెట్టాక మిసిసిపీ డెల్టాలో చాలామంది ఆడవాళ్ళ చేతుల్లో పారలు పోయి కత్తులొచ్చాయి. ఐసు నీళ్ళలో చేతులు కొయ్యబారిపోయేవి. వాళ్ళ ధ్యాస మళ్ళించడానికి మేస్త్రీ గోడ మీద ఒక రేడియో పెట్టాడు. అందులో వారానికి రెండుసార్లైనా ఒక పాట వచ్చేది. ఇంగ్లండు నుంచి వచ్చిన డెరిక్ పాస్కో అనే తెల్లవాడు ఎలక్ట్రిక్ గిటారు మీద పద్నాలుగు నిమిషాలు వాయించిన "గేటు గడియ వేయకు".

అసలు ఆ పాట ఒర్లీన్ తండ్రి పర్విస్ టాగర్ట్‌ది. మామూలు గిటారు మీద ఒక్కడే కూర్చుని మూడు నిమిషాల రికార్డుకి పాడాడు. 'తెల్లారేలోగా వస్తా, గేటు గడియ వేయకు' అని పాడి, గిటారు చెక్క మీద వేళ్ళతో రెండుసార్లు తడతాడు. తట్టి ఆగిపోతాడు. ఊపిరి మూడుసార్లు తీసుకునేంతసేపు అందులో ఏమీ వినపడదు. ఆ తరవాత 'సరే, అయితే నా దారిన నేను పోతా' అంటూ రెండో పాదం అందుకుంటాడు. చరణం చరణానికీ అదే వరస. డెరిక్ పాస్కో ఆ రెండు తట్లనీ అలాగే ఉంచి, ఖాళీలో తన గిటారు దూర్చాడు. ఆ గిటారు అక్కడ ఏడుస్తుంది, అరుస్తుంది, కాళ్ళావేళ్ళా పడుతుంది. వేలమంది జనం ఆ చోటుకోసమే కాచుకుని కూర్చుంటారట.

ఫ్యాక్టరీలో ఆ రెండు తట్లూ వినపడగానే ఒర్లీన్ మడమ నేలని ఒక్కసారి గట్టిగా కొట్టేది.

"అదిగో, గుర్రం మళ్ళీ తన్నింది" అని నవ్వేవాళ్ళు చుట్టూ ఉన్న ఆడవాళ్ళు. ఒకరోజు ఆ ఊపులో కత్తి జారి ఎడమ బొటనవేలు తెగింది. వెల్మా తన తలగుడ్డ చింపి కట్టు కడుతూ, "మీ నాన్న పాటకి నువ్వు రక్తం కూడా పోస్తావా?" అని అడిగింది. ఒర్లీన్ నవ్వి మాట మార్చేసింది.

తెలుసుకోవాలని వచ్చినవాళ్ళకీ అంతే. టేపు రికార్డర్లు పట్టుకుని యూనివర్సిటీ కుర్రాళ్ళు వచ్చేవారు. పాటలో ఆ ఖాళీ ఎందుకుందమ్మా అని అడిగేవారు. తీగ సడలిందని ఒకడు, తాగి లెక్క తప్పాడని ఇంకొకడు పుస్తకాల్లో రాశారు. ఒర్లీన్ వాళ్ళకి చక్కెర వేసిన టీ, కేకు ముక్క పెట్టి, వసారాలో పచార్లు చేస్తూ, వాతావరణం గురించి మాట్లాడి పంపించేసేది.

చెప్పాలంటే అమ్మ గురించి చెప్పాలి. ఊరంతా గొప్ప భక్తురాలని తలుచుకునే ఆ అమ్మ పేరు చర్చి కిటికీ అద్దం మీద రంగుల్లో రాసి ఉంది.

పర్విస్ శనివారాలు పాటకి వెళ్ళి ఆదివారం పొద్దున్నే తిరిగొచ్చేవాడు. గేటు తోసుకుని వచ్చి ఇంటి చెక్క గోడ మీద రెండుసార్లు తట్టేవాడు. లోపల్నుంచి అమ్మ మడమతో నేల మీద ఒక్కసారి కొట్టేది. తలుపు తీసే ఉంది, రమ్మని దానర్థం. నడక వచ్చిన దగ్గర్నుంచీ ఆ పని ఒర్లీన్ తీసుకుంది. గోడ మోగీ మోగకముందే ఆ పిల్ల మడమ పలికేది. బయట నాన్న నవ్వు, ఆ వెంటనే వసారా మీద బూట్ల చప్పుడు.

తొమ్మిదో ఏట ఒర్లీన్‌కి వాగులో బాప్తిస్మం ఇచ్చారు. ఎక్కడున్నా వస్తానని మాటిచ్చిన నాన్న రాలేదు. తడిసిన తెల్ల గౌనుతో, ఒడ్డున ఉన్న అందరి ముఖాల్లోకీ ఆ పిల్ల వెతుక్కుంది. పై ఆదివారం పొద్దున గోడ మీద రెండు తట్లు పడ్డాయి. అమ్మ చర్చికి తయారవుతోంది. ఒక చేత్తో టోపీ పట్టుకుని, రెండో చెయ్యి తెచ్చి కూతురి కుడి మోకాలి మీద పెట్టింది. గట్టిగా నొక్కలేదు. ఊరికే పెట్టింది.

"నీ బాప్తిస్మానికి రాని మనిషికి నీ కాలు జవాబు చెబుతుందా?" అంది గుసగుసగా.

మళ్ళీ రెండు తట్లు. మళ్ళీ రెండు. ఆ చెయ్యి విదిలించుకోవడం పెద్ద పనేమీ కాదు. ఒర్లీన్ కాలు కదపలేదు. కాసేపటికి గేటు చప్పుడైంది. అమ్మ టోపీకి పిన్ను పెట్టుకుని, "పద" అంది.

నాన్న మళ్ళీ రాలేదు. రెండేళ్ళ తరవాత రికార్డు వచ్చింది. కిరాణా కొట్లో, నాణెం వేస్తే పాడే పాటల పెట్టెలో అది విన్న రోజున, పదకొండేళ్ళ ఒర్లీన్ మడమ తనంతట తాను నేలని కొట్టింది. ఎక్కడ ఉన్నాడో తెలియని మనిషికి అక్కడ జవాబు చెప్పినా అందలేదు. ఆయన ఉత్తరాదిన ఏదో ఊళ్ళో పోయాడని చాలా ఏళ్ళకి తెలిసింది.

ఒర్లీన్‌కి అరవై ఎనిమిదేళ్ళు వచ్చాక, ఊరి కమిటీ పెద్ద ప్రిచెట్ ఇంటికొచ్చాడు. కోర్టు ముందు పచ్చికలో పండగ చేస్తున్నారు. డెరిక్ పాస్కో వచ్చి ఆ పాట వాయిస్తాడు. ఆవిడ వేదిక మీద కుర్చీలో కూర్చుంటే చాలు.

"పద్నాలుగు నిమిషాలు కూర్చోవాలా?" అంది వెల్మా. "తాళ్ళు కూడా తెచ్చుకోండి, కట్టెయ్యడానికి."

వద్దందామనుకుంది ఒర్లీన్. పైనెలలో ఆ కుడి మోకాలికే ఆపరేషను. ఆ తరవాత అది ఎలా ఉంటుందో డాక్టరే చెప్పలేనన్నాడు. వారం రోజులు ఇల్లంతా తిరిగింది. నాన్నకి బాకీ పడ్డ ఆ జవాబు ఈ కాలితో చెప్పాలంటే ఇదే ఆఖరి అవకాశం. చెబితే ఎందుకని అందరూ అడుగుతారు, అమ్మ ఆనాడు జవాబు చెప్పనివ్వలేదన్న మాట ఊరంతటికీ తెలుస్తుంది.

పండగనాడు పొద్దున్నే వెళ్ళింది. డెరిక్ వేదిక మీద తీగలు సరిచేసుకుంటున్నాడు. జుట్టు తెల్లబడిన బక్కపలచటి మనిషి. ఆవిణ్ణి చూసి గబగబా లేచాడు.

"అక్కడ ఎక్కువ వాయిస్తున్నావు నాయనా" అంది ఒర్లీన్ పలకరింపు కూడా లేకుండా.

"ఎక్కడమ్మా?"

"తట్టాక. అక్కడ ఆగాలి."

"మీ నాన్నగారు ఆగారు, నిజమే. కానీ జనం వచ్చేది దానికోసమేనమ్మా. అక్కడ ఆగితే టమాటాలు విసురుతారు." నవ్వి, మళ్ళీ గొంతు తగ్గించాడు. "ఆయన ఎందుకు ఆగారో నలభై ఏళ్ళుగా ఆలోచిస్తున్నాను. తీగ సడలిందంటారు."

"తీగ సడల్లేదు."

"మరి?"

ఒర్లీన్ నోరు తెరిచింది. ఎదురుగా వీధి చివర చర్చి కిటికీ అద్దం ఎండకి మెరిసింది. "తరవాత చెబుతాలే" అని దిగిపోయింది.

మధ్యాహ్నానికి పచ్చిక నిండిపోయింది. వేపిన చేపల వాసన, మొక్కజొన్న పొత్తి ఆకుల్లో చుట్టి ఉడికించిన తమాలీల ఆవిరి, మడత కుర్చీలు. వేదిక మీద ఒర్లీన్ తెల్ల గౌనులో కూర్చుంది, చేతులు ఒళ్ళో బిగించుకుని. డెరిక్ మొదలెట్టాడు. మొదటి పాదం పాడాడు, గిటారు మీద రెండుసార్లు తట్టాడు. తట్టినవాడు ఒక్క క్షణం ఆవిడ వైపు చూశాడు. పొద్దున మాట గుర్తొచ్చినట్టుంది, తీగ మీద పెట్టబోయిన వేలు గాల్లో ఆగింది.

తన కుడి మోకాలి మీద తన చెయ్యే ఉందని ఒర్లీన్ అప్పుడు చూసుకుంది. ఆ చెయ్యి తీసేసింది.

మడమ చెక్క వేదికని కొట్టింది. పక్కనున్న మైకు దాన్ని పచ్చికంతా వినిపించింది.

డెరిక్ రెండో పాదానికి నోరు తెరిచాడు. 'సరే, అయితే నా దారిన' అనబోయి, మాట మింగేశాడు. ఇంకోసారి తెరిచాడు. రాలేదు. లోపల్నుంచి ఎవరో పలికాక, పోతానని ఎలా పాడతాడు?

"ఇప్పుడేం పాడనమ్మా?" అన్నాడు మైకులోనే.

"ఇంక పాడేదేముంది నాయనా" అంది ఒర్లీన్. "తలుపు తీసే ఉంది."

డెరిక్ గిటారు భుజాన్నుంచి తీసి కింద పెట్టాడు. జనం ఏం చెయ్యాలో తెలియక సగం చప్పట్లు కొట్టారు. "మిగతాది ఏదీ?" అని వెనకనుంచి ఒకడు అరిచాడు. ప్రిచెట్ గడియారం చూసుకుంటూ మెట్ల దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"ఇంకా పన్నెండు నిమిషాలుంది! ఏం చెయ్యమంటారు?"

"చేపలు తినమను" అని ఒర్లీన్ ఆయన పక్కనుంచి దిగిపోయింది.

కింద వెల్మా రెండు పొట్లాల తమాలీలతో నిలబడి ఉంది. "లోకమంతా తిరిగొచ్చిన పాటని ఒక్క తాపుతో ఆపేశావు కదే! ఏమిటా తన్నడం? పద్ధెనిమిదేళ్ళు నన్ను వెర్రిదాన్ని చేశావు. ఇప్పుడైనా చెప్పు, ఇలా కూర్చో."

"కూర్చుంటే రాదు. నడుస్తూ చెబుతా."

"నా కాళ్ళ సంగతి తెలిసే అంటున్నావా?"

"మెల్లగానే నడుద్దాంలే."

ఇద్దరూ కోర్టు చుట్టూ బయల్దేరారు. మొదటి చుట్టంతా ఒర్లీన్ వెల్మా ఇచ్చిన పొట్లం తాడు విప్పుతూ కడుతూ నడిచింది. రెండో చుట్టులో చర్చి కిటికీ ఎదురుపడ్డప్పుడు తల దించుకోకుండా దాన్ని చూసింది.

"మా అమ్మ టోపీ ఒక చేత్తో పట్టుకుని ఉంది" అని మొదలుపెట్టింది. "చెడ్డదని అనుకోకు వెల్మా. రెండో చెయ్యి ఎక్కడ పెట్టిందో చెబుతా, ముందు విను."