దెల్ఫీనా పగలగొట్టిన పీపా

మోన్‌ఫెర్రాతోలో, మా కొండ మీద, ఎవరింటి వైను వాళ్లకే గొప్ప. దెల్ఫీనా గొప్పంతా గ్రిన్యొలీనో ద్రాక్ష వైను. రంగు తేలిక, నోట్లో వగరు, మింగాక మిరియాల ఘాటు. భర్త పోయాక ఆ తోటను ఒక్కతే సాకింది. మరిది ఒరెస్తెకు అది గిట్టేది కాదు. నల్లగా చిక్కగా దిగే బార్బేరా ఉండగా ఈ పాలిపోయిన సరుకెందుకు, తీగలు పీకేద్దామన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఆ వసంతంలో తోటలు పంచుకున్నారు, మాటలు మానేశారు.

ఇల్లు ఒకటే, నేలమాళిగా ఒకటే. దానికి ఇంట్లోంచి మెట్లున్నాయి. కొండ వాలులో, కింది సందులోకి ఒక తలుపుంది. మంచి చోటంతా ఒరెస్తె కొత్త తొట్టి ఆక్రమించింది. దెల్ఫీనా పంతం పట్టి తన పెద్ద పీపాను ఆ తలుపుకే ఆనించి పెట్టించింది. గ్రిన్యొలీనో ముందే కోతకొస్తుంది కనుక అక్టోబరు నాటికి ఆమె ఏడాది వైనంతా అందులో చేరింది. తొట్టిలో బార్బేరా ఇంకా పొంగుతూనే ఉంది.

ఆ నెలలో ఒక ఉదయం జల్లెడ తిరిగిచ్చేందుకు నేను వాళ్లింటికి వెళ్లాను. ఒరెస్తె భార్య లూచీనా మెట్ల పైనుంచి మొగుణ్ని పిలుస్తోంది. కిందినుంచి పలుకు లేదు. దెల్ఫీనా కొవ్వొత్తి వెలిగించి నాలుగు మెట్లు దిగింది, చెయ్యి కిందికి చాచింది. కొవ్వొత్తి ఆరిపోయింది. రసం పులిసేటప్పుడు వచ్చే గాలి నేలమాళిగను నింపేసిందని ముగ్గురికీ తెలిసిపోయింది. ఊపిరాడనివ్వని ఆ గాలి బరువైంది, కింది సందు తలుపు తెరిస్తే తప్ప బయటికి పోదు.

లూచీనా దూకబోయింది. దెల్ఫీనా ఆమె జబ్బ పట్టి వెనక్కి లాగింది.

"దిగావంటే నువ్వూ అక్కడే పడతావే."

"వదులక్కా. నా మొగుడు కిందున్నాడు."

"దీన్ని పట్టుకో. కరిచినా వదలకు" అని నాతో చెప్పి, కట్టెల దగ్గరున్న గొడ్డలి అందుకుని సందులోకి పరుగెత్తింది.

లూచీనా నిజంగానే కరిచింది. ఆమెను ఎలాగో సందులోకి లాక్కొచ్చేసరికి తలుపు కింది చెక్కలు ఊడి ఉన్నాయి. వెనక పీపా కనిపిస్తోంది. అది నిండుగా ఉన్నంతసేపూ తలుపు కదలదు. దెల్ఫీనా గొడ్డలెత్తి పీపా మొహం మీద వేసింది. మూడో దెబ్బకు వైను బయటికి చిమ్మింది. ఆమె పాదాలు తడుపుకుంటూ సందులో వాలుకు పారింది. పీపా తేలికపడ్డాక ముగ్గురం భుజాలానించి తలుపు నెట్టాం. తలుపు తెరుచుకున్నాక కూడా దెల్ఫీనా మమ్మల్ని లోపలికి వెళ్లనివ్వలేదు. కర్రకు కొవ్వొత్తి కట్టి లోపల పెట్టింది. ఆరింది. మళ్లీ వెలిగించి పెట్టింది. మళ్లీ ఆరింది.

"ఇంకెంతసేపక్కా?" అంది లూచీనా.

"అది వెలిగేదాకా."

వెలిగింది. లోపల ఒరెస్తె తొట్టి నిచ్చెనలో చెయ్యి ఇరుక్కుని వేలాడుతున్నాడు. తల ఆ గాలికి పైన ఉండబట్టి ఊపిరి మిగిలింది. చెయ్యి విడిపించి, కాళ్లు పట్టుకుని సందులోకి ఈడ్చాం. నీలం తిరిగిన మొహంతో చాలాసేపు కదల్లేదు. తర్వాత దగ్గాడు. లూచీనా అక్కడే, ఆ వైను బురదలోనే కూర్చుండిపోయింది.

ఒరెస్తె చాలా రోజులు తలనొప్పితో మంచం దిగలేదు. దిగాక వదిన గదికి వచ్చి, "తలుపు విరగ్గొట్టావట" అన్నాడు.

"నీ తలకాయకంటే తేలిగ్గానే విరిగింది" అంది దెల్ఫీనా.

ఆ చలికాలం ఆమె తీగలు కత్తిరించడానికి అతనే వెళ్లాడు. బార్బేరా గొప్పలు మాత్రం మానలేదు.

చాలా ఏళ్లకు ఒకసారి దెల్ఫీనా నాతో అంది: "తలుపు విరిగాక పీపా కనబడింది చూడు, అప్పుడు నా చెయ్యి ఆగింది. వాడు గుర్తు రాలేదు, వైనే గుర్తొచ్చింది. లూచీనాకు చెప్పకు."

లూచీనా బతికున్నంతకాలం నేను చెప్పలేదు.