మల్లి విన్న కూత

కాస్త ముందుకు జరిగి కూర్చోండి. చేతిలో చాయ్ ఉంటే తాగుతూనే వినండి. నేను నాలుగో తరగతితో పలక వదిలేసినవాణ్ణి. చదివింది తక్కువ, చూసింది మాత్రం ఒక్కటీ మరిచిపోలేదు. కుక్కలకు పని నేర్పడం ఎలా ఉంటుందని ఎవరు అడిగినా నాకు మల్లే గుర్తొస్తుంది.

2021 చలికాలం. గల్ఫ్‌లోని రాస్ అల్ ఖైమాలో కొండల కింద ఒక మజ్రా, అంటే ఖర్జూరపు తోట. అక్కడ కుక్కలను చూసుకోవడం నా పని. మాది జగిత్యాల దగ్గరి పల్లె. గొర్రెల వెంట తిరిగి పెరిగినవాణ్ణని తెలిసి, అర్బాబ్ నన్ను సిమెంటు పని మాన్పించి తోటకు తెచ్చాడు. యజమానిని మేమంతా అర్బాబ్ అనే పిలుస్తాం.

అర్బాబ్ ఇంట్లో అద్దెకున్న ఇంగ్లీషు మేడమ్ ఒకావిడ కరోనాలో ఉద్యోగం పోయి, దేశం వెళ్ళిపోతూ తన కుక్కను మాకు వదిలేసింది. స్పానియల్ జాతి. తెలుపు మీద గోధుమరంగు మచ్చలు, నీళ్ళ గిన్నెలో మునిగేంత పొడుగు చెవులు. ఎనిమిదేళ్ళు సోఫా మీద బతికిన ముసలిది. పేరు మిల్లీ అని చెప్పి వెళ్ళిందావిడ. నా నోట అది మల్లి అయింది.

అర్బాబ్ చిన్నప్పుడు లండన్‌లో చదివాడు. అక్కడ గన్‌డాగ్‌లను చూశాడు. గన్‌డాగ్ అంటే తుపాకీ వేటలో పనిచేసే కుక్క. అది గడ్డిలో దాగిన పిట్టను లేపాలి. దాన్ని ఫ్లష్ అంటారు. పిట్ట లేచిన క్షణంలో ఎక్కడున్నది అక్కడే కూర్చోవాలి. దాన్ని స్టెడీ అంటారు. మా దగ్గర తుపాకీ లేదు, డేగ ఉంది. తోటలో పెంచిన కౌజుపిట్టలను వదిలి డేగను ఎగరేస్తారు. కుక్క చేసే పని మాత్రం అదే. కుక్క స్టెడీగా లేకపోతే ఉరికి, పిట్టను పట్టిన డేగ మీదే పడుతుంది.

"రాజు, రమదాన్ దాకా దేఖో," అన్నాడు అర్బాబ్. "కూర్చోవడం నేర్చుకుంటే ఇక్కడే ఉంటది. లేకుంటే నా క్రషర్ దగ్గర కట్టేస్తాం. అక్కడ కావలికి కుక్క కావాలి."

కొండను పిండిచేసే క్రషర్‌ను నేను చూశాను. అక్కడ ఆకులు కూడా తెల్లగానే ఉంటాయి.

మెడలో వేసుకోవడానికి అర్బాబ్ నాకొక ఈల ఇచ్చాడు. పొడుగ్గా ఒక్కసారి ఊదితే కూర్చోవాలన్నది లెక్క. మొదట పొడుగు తాడు కట్టి నేర్పాను. ఈల ఊది, చెయ్యెత్తి, తాడు బిగిస్తే కూర్చునేది. గుడ్డ చుట్టిన డమ్మీని, అంటే ఉత్తుత్తి పిట్టను, ముక్కు ముందు నుంచి విసిరినా కదిలేది కాదు. నా ఛాతీ పొంగింది. తాడు విప్పి దూరం పంపితే మాత్రం ఈల వినగానే నా వైపు పరుగెత్తుకొచ్చేది. రోజూ అంతే, నెలంతా అంతే.

డేగను చూసుకునే ఖాన్ భాయ్ పెషావర్ మనిషి. గట్టు మీద కూర్చుని నవ్వేవాడు.

"అరే రాజు భాయ్, ఇస్కో షాదీ మే లేజా! బ్యాండు వింటే ఉరుకుతది నీ పెళ్ళికూతురు."

"నీ డేగకు బట్టతల వచ్చేదాకా నేర్పుతా, సూస్తుండు," అనేవాణ్ణి. లోపల మాత్రం గుబులుగానే ఉండేది. సోఫా మీద పెరిగింది కదా, మొండిదనుకున్నాను.

రమదాన్ ముందు అర్బాబ్ పెట్టిన పరీక్షకు నాలుగు రోజులుందనగా, మధ్యాహ్నం గదిలో కుక్కర్ పెట్టి, ఊళ్ళో ఉన్న మా ఇంటావిడ లక్ష్మితో వీడియోకాల్ మాట్లాడుతున్నాను. కుక్కర్ కూత వేసింది. తోట ఆ చివర పడుకున్న మల్లి చెవులు ఎగరేసుకుంటూ వచ్చి నా మోకాళ్ళ మీద పడింది. నేను ఎప్పటిలాగే పప్పన్నం ముద్ద కలిపి ఊది పెట్టాను.

లక్ష్మి ఫోన్‌లోంచి అంది: "గంత సల్లార్చి పెడుతున్నవ్! నాకెన్నడన్న పెట్టినవా గట్ల?"

"నువ్వు గిట్ల ఉరికొస్తవా మరి?"

"ఏందయ్యా, సీటీ ఇని ఉరికొచ్చుడు దానికి నువ్వే నేర్పినవ్. మల్ల సీటీ ఊది కూసో అంటే ఎట్ల కూసుంటది?"

సీటీ అంటే మా దగ్గర కుక్కర్ కూతైనా ఈలైనా ఒకటే. వచ్చిన మొదటి రోజు నుంచీ కుక్కర్ కూతకు నా కంచంలో దానికో ముద్ద. ఒక్క రోజు తప్పలేదు. పొద్దున ఈలతో నేర్పింది మధ్యాహ్నం పప్పుతో నేనే చెరిపేశాను.

"అర్బాబ్‌కు జెప్పు. ఈల మార్చుమను," అంది లక్ష్మి.

చెప్పలేదు. తప్పంతా ఇక్కడే ఉంది. కుక్కకు ఎండు తిండే పెట్టాలని, మనిషి కంచంలోది పెట్టొద్దని అర్బాబ్ మొదటే చెప్పాడు. చెబితే నన్ను మళ్ళీ సిమెంటుకు పంపుతాడని భయం. కుక్కర్ అటక మీద పెట్టి, పప్పు మామూలు గిన్నెలో ఉడికించాను. దానికి ముద్ద పెట్టలేదు, ఈల కూడా ఊదలేదు. నాలుగు రోజుల్లో మరిచిపోతుందనుకున్నాను. ఆ నాలుగు రోజులూ అది గది గుమ్మంలో కూర్చుని పొయ్యి వంకే చూసింది.

పరీక్ష రోజు పొద్దున, పశువుల గడ్డి మోకాలెత్తున ఉంది. ఖాన్ భాయ్ డేగను వదిలాడు. అది పైన గిరికీలు కొడుతోంది. నేను మల్లిని పంపాను. అబ్బా, ఎంత అందంగా వెతికిందని! ముక్కు నేలకు ఆనించి, తోక ఆడిస్తూ, చాలు తర్వాత చాలు. పిట్టను లేపింది. డేగ రాయిలా పడి, నాకూ మల్లికీ మధ్యలో దాన్ని నేల మీద పట్టింది.

"రాజు! సీటీ!" అని అర్బాబ్ అరిచాడు.

ఊదకపోతే బాగుండేది. మల్లి అప్పటికి ఆగి, పిట్ట లేచిన చోటు చూస్తూ నిలబడే ఉంది. నేను ఊదాను. నాలుగు రోజుల ఆకలితో విన్న కూత. అది కళ్ళు మెరుస్తుండగా నా వైపు, నా చేతి ముద్ద వైపు, సూటిగా పరుగెత్తింది. మధ్యలో రెక్కలు పరిచి కూర్చున్న డేగను అది చూడనే లేదు.

డేగ రెక్క ఎముక విరిగింది. ఖాన్ భాయ్ దాన్ని గుండెకు పొదువుకుని పిల్లాడిలా ఏడ్చాడు. మల్లి నా కాళ్ళ దగ్గర నిలబడి నా కుడిచేతిని వాసన చూస్తోంది. అర్బాబ్ కోప్పడలేదు. "ఖలాస్," అన్నాడు, అంతే. మధ్యాహ్నానికి క్రషర్ నుంచి పికప్ బండి వచ్చింది. ఎక్కించింది నేనే. ఎక్కించేటప్పుడు కూడా నా చెయ్యి నాకుతూనే ఉంది. అర్బాబ్‌తో అప్పుడైనా నిజం చెప్పాల్సింది. బండి తలుపు వేసి పక్కకు తప్పుకున్నాను.

నెల తర్వాత ఒక సెలవు రోజు డబ్బాలో పప్పన్నం పెట్టుకుని క్రషర్‌కు వెళ్ళాను. రేకు నీడలో గొలుసుకు కట్టి ఉంది. గోధుమరంగు మచ్చలు దుమ్ముకు కనిపించడం లేదు. గేటు దగ్గర నిలబడి ఈల ఊదాను. గొలుసు చివరిదాకా అయినా ఉరికొస్తుందనుకున్నాను.

మల్లి కూర్చుంది.

నిటారుగా, చెవి కూడా కదపకుండా కూర్చుంది. అక్కడి కూలీల కుక్కర్ కూత విని ఉరికిన ప్రతిసారీ ఆ గొలుసు మెడ పట్టి లాగి ఉంటుంది. నేను ఆరు వారాలు నేర్పలేనిది నెలలో నేర్పింది. ముద్ద కలిపి ముందు పెట్టినా తినలేదు, నా ముఖం వంకే చూసింది. అర్బాబ్ చూడాలనుకున్న స్టెడీ కుక్క అదే.

ఎండలు ముదిరాక మళ్ళీ వెళ్ళేసరికి గొలుసు ఉంది, మల్లి లేదు. అక్కడి వాచ్‌మన్ "గర్మీ" అని, అంటే ఎండకు పోయిందని, తలూపాడు.

ఆ తర్వాత చాలా కుక్కలకు నేర్పాను. ఏ కుక్క వచ్చినా ముందు వారం రోజులు ఏమీ నేర్పను. అది ఏ చప్పుడుకు లేస్తుందో, ఎవరి చేతి వంక చూస్తుందో గమనిస్తాను. కనిపించింది వెంటనే యజమానికి చెప్పేస్తాను, నా తప్పయినా సరే. మల్లి నేర్పింది ఇదే. మల్లికి మాత్రం పనికి రాలేదు. కుక్కర్ ఆ తర్వాత వాడలేదు.

ఇంత సేపు ఓపికగా విన్నారు. మీ పొయ్యి మీద గిన్నె ఎప్పుడూ నిండుగా ఉడకాలి. మీ చేతి ముద్ద కోసం ఉరికొచ్చే ప్రాణం మీ గడప దాకా చల్లగా చేరాలి. మీ ఇంట్లో ఎవరి నోటా చెప్పాల్సిన మాట ఆగిపోకూడదు.